రాములవారు కూడా రసీదు తీసుకున్నారు



పోయిన నెల మన గ్రూపులో ఒకావిడ ఒక మెసేజ్ పెట్టారు. "నా పేరు మీద కోర్టులో అప్పు కేసు ఉందట. సాయంత్రం నాలుగులోపు కట్టకపోతే పోలీసులు ఇంటికొస్తారట. ఎవరికైనా తెలుసా?" అని. పది నిమిషాల్లో ఆ మెసేజ్ తీసేశారు. చూసినవాళ్ళు చూశారు, చూడనివాళ్ళు లేదు. ఆవిడ ఎందుకు తీసేశారో నాకు బాగా తెలుసు. ఎనిమిదేళ్ళ క్రితం నాకూ అలాంటి ఫోనే వచ్చింది. నేనైతే మెసేజ్ కూడా పెట్టలేదు. నోరు మూసుకుని 485 డాలర్లు కట్టేశాను.

రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చి, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించి, అప్పుడే పడుకున్నాను. ఫోన్ మోగింది. అవతల మనిషి నా పూర్తి పేరు, మేము అంతకుముందు ఉన్న అపార్ట్‌మెంట్ అడ్రసు, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు చెప్పాడు. నేను ఆన్‌లైన్‌లో తీసుకున్న జీతం అప్పు ఎగ్గొట్టానట. కేసు నంబరు ఇదట, వారెంటు తయారైందట. హాస్పిటల్‌కి ఫోన్ చేసి చెబితే నర్సింగ్ లైసెన్సు కూడా పోతుందట. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, చేతిలో డబ్బు ఆడక, అలాంటి అప్పు కోసం ఒక వెబ్‌సైటులో వివరాలన్నీ నింపి, చివర్లో వడ్డీ చూసి భయపడి మూసేశాను. అప్పు తీసుకోలేదు. కానీ ఆ రోజు నిద్రమత్తులో "తీసుకున్నానేమో, మర్చిపోయానేమో" అనిపించింది. వాడు లైన్ కట్ చెయ్యనివ్వలేదు. దుకాణానికి వెళ్ళి గిఫ్ట్ కార్డులు కొని, గీకి, వెనకాల నంబర్లు చదివి వినిపించేదాకా నాతోనే ఉన్నాడు. "కాగితం పోస్టులో వస్తుంది" అన్నాడు. రాలేదు. మూడు వారాల తర్వాత మళ్ళీ ఫోన్ మాత్రం వచ్చింది, మిగిలిన వడ్డీ కట్టమని.

అప్పుడు మా వార్డులో పనిచేసే మలయాళీ అక్కతో టీ తాగుతూ చెప్పాను. ఆవిడ ఒకే మాట అడిగింది. "కాగితం ఏదీ?"

అప్పటినుంచి నన్ను ఒక ప్రశ్న వదల్లేదు. చదువుకున్నదాన్ని, మందు డోసు మూడుసార్లు సరిచూసుకోకుండా ఇవ్వనిదాన్ని, ఒక గొంతు విని ఎలా నమ్మాను? సెలవు రోజుల్లో లైబ్రరీ పుస్తకాలు, చట్టాలు, కోర్టు కాగితాలు చదువుతూ పోయాను. నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ భయం ఆ ఫోన్‌తో పుట్టింది కాదు. చాలా పాతది. ఆ చరిత్ర మీకు చెప్పాలని ఈ వ్యాసం.

అప్పుకి జైలు ఉన్న రోజులు

మన చిన్నప్పుడు బాకీ అంటే జైలు అని మనకి మొదట చెప్పిన కథ ఏది? భద్రాచల రామదాసుది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. వసూలైన సర్కారు డబ్బు గుడి కట్టడానికి ఖర్చుపెట్టాడని గోల్కొండ కోటలో ఖైదు చేశారు. ఇప్పటికీ కోట చూడటానికి వెళ్తే ఆ చీకటి గది చూపిస్తారు. కథలో చివరికి రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి తానీషాకి మొహరీలు లెక్కకట్టి ఇచ్చి, రసీదు రాయించుకుని వెళ్తారు. ఆ రసీదు సంగతి మనం పెద్దగా పట్టించుకోం. కానీ చూడండి, దేవుడు కూడా డబ్బు ఇచ్చి ఊరికే వెళ్ళలేదు. కాగితం తీసుకున్నాడు.

రాజు ఖైదు ఒకటైతే, ఊరి ముందు పరువు తియ్యడం ఇంకొకటి. ఈ రోజు ధర్నా అంటే జెండాలు పట్టుకుని కూర్చోవడం. వెనకటి రోజుల్లో అప్పిచ్చినవాడు బాకీదారు గుమ్మం ముందు అన్నం మాని కూర్చునేవాడు. వాడికి ఏమైనా అయితే పాపం ఇంటివాళ్ళది. డబ్బు రాబట్టడానికి పాపభయం, పరువు భయం రెండూ వాడుకునే పద్ధతి. ఇది ఎంత గట్టిదంటే, 1860లో చేసిన ఇండియన్ పీనల్ కోడ్ 508వ సెక్షన్‌లో, దైవకోపం వస్తుందని బెదిరించి పని చేయించుకోవడం నేరమని రాసి, గుమ్మం ముందు ధర్నా కూర్చోవడాన్నే ఉదాహరణగా చూపించారు.

ఇంగ్లండులో అయితే అప్పు తీర్చనివాళ్ళకి ప్రత్యేకంగా జైళ్ళే ఉండేవి. లండన్‌లోని మార్షల్సీ అలాంటిది. 1824లో చార్లెస్ డికెన్స్ తండ్రిని 40 పౌండ్ల చిల్లర బాకీకి అందులో పెట్టారు. పన్నెండేళ్ళ పిల్లవాడు చదువు మాని బూట్ పాలిష్ తయారుచేసే చోట పనికి వెళ్ళాడు. జైల్లో ఉన్నవాడు సంపాదించి అప్పు ఎలా తీరుస్తాడు? ఎవరికీ సమాధానం లేని ప్రశ్న. చివరికి మార్షల్సీ 1842లో మూతపడింది. 1869 చట్టంతో ఇంగ్లండులో మామూలు అప్పుకి జైలు చాలావరకు పోయింది. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం 1833లోనే దాన్ని రద్దు చేసింది, రాష్ట్రాలు ఒకటొకటిగా అదే దారి పట్టాయి.

మన దేశం సంగతి ఇంకా ముఖ్యం, ముఖ్యంగా మనకి. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ చదవండి. డబ్బు కట్టమని ఇచ్చిన డిక్రీని అమలు చెయ్యడానికి ఆడవాళ్ళని అరెస్టు చెయ్యకూడదు అని స్పష్టంగా ఉంది. నూటపదేళ్ళు దాటింది. మన అమ్మమ్మల కాలంనుంచీ ఉన్న ఈ రక్షణ మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు? మగవాళ్ళ విషయంలో కూడా 1980లో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు కేసులో, కట్టే శక్తి ఉండి దురుద్దేశంతో ఎగ్గొడితే తప్ప, ఉత్త లేమికి జైల్లో పెట్టకూడదని చెప్పింది.

అంటే చట్టం మారిపోయింది. మన లోపలి భయం మారలేదు. అమీనా వచ్చి వాకిట్లో బిందెలు జప్తు చేసుకుపోయిన కథ మా నాయనమ్మ చెబుతుంటే విన్నదాన్ని నేను. "వారెంటు" అన్న మాట వినగానే నాకు గుర్తొచ్చింది అమెరికా చట్టం కాదు, ఆ బిందెలే.

అప్పు అమ్ముడుపోయే సరుకైన సంగతి

ఇక ఈ దేశంలో జైలు పోయాక బెదిరింపు మిగిలింది. వసూలు ఏజెంట్లు లాయర్లమని చెప్పుకోవడం, కోర్టు కాగితాల్లా కనిపించే ఉత్తరాలు పంపడం, అర్ధరాత్రి ఫోన్లు, ఇరుగుపొరుగుకి చెప్పడం. ఇవన్నీ భరించలేక 1977లో అమెరికా కాంగ్రెస్ అప్పుల వసూళ్ళ మీద ఒక చట్టం చేసింది. దాని మొదట్లోనే, ఇలాంటి వేధింపుల వల్ల దివాలాలు, ఉద్యోగాలు పోవడం, కాపురాల్లో కలతలు వస్తున్నాయని రాసుకున్నారు. ఒక డబ్బు చట్టంలో కాపురాల ప్రస్తావన చూసి నాకు ఆశ్చర్యమేసింది. మా ఇంట్లో నేను ఆ 485 డాలర్లు దాచిన రెండేళ్ళూ గుర్తొచ్చాయి.

ఆ చట్టం ప్రకారం వసూలు కంపెనీవాళ్ళు ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చెయ్యకూడదు. అప్పు తీర్చకపోతే అరెస్టని అబద్ధపు బెదిరింపు చెయ్యకూడదు. లాయరునో ప్రభుత్వ మనిషినో కాకుండా అయ్యానని చెప్పకూడదు. మీ అప్పు సంగతి మీ పక్కింటివాళ్ళకో మీ పై నర్సుకో చెప్పకూడదు. మొదటిసారి మాట్లాడిన ఐదు రోజుల్లోపు అప్పు ఎంత, ఎవరిది అని రాతపూర్వకంగా పంపాలి. అది అందాక 30 రోజుల్లో "ఇది నాది కాదు, రుజువు చూపించండి" అని రాసే హక్కు మీకుంది.

మరి ఇంత చట్టం ఉండగా దొంగ అప్పులు ఎలా పుట్టాయి? 1980ల చివర్లో అమెరికాలో వందల పొదుపు బ్యాంకులు కూలిపోయాయి. వాటి బాకీలు అమ్మడానికి 1989లో ప్రభుత్వం ఒక సంస్థే పెట్టింది. పాత బాకీల జాబితాలు చాలా తక్కువ ధరకి కొనుక్కుని వసూలు చేసుకునే వ్యాపారం ఆ తర్వాత బాగా పెరిగింది. జాబితా అంటే కంప్యూటర్లో పేర్లు, నంబర్లు, మొత్తాలు. ఒకరు ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి అమ్ముకుంటూ పోతారు. తర్వాత ఆన్‌లైన్ జీతం అప్పుల వెబ్‌సైట్లు వచ్చాయి. నాలాంటివాళ్ళు నింపి వదిలేసిన వివరాలు కూడా సరుకైపోయాయి. పేరు, నంబరు, బ్యాంకు ఖాతా ఉన్నప్పుడు, పక్కన ఒక మొత్తం రాసేస్తే అప్పు తయారైపోయినట్టే. దీనికి ఇక్కడివాళ్ళు పెట్టిన పేరుకి అర్థం "దెయ్యం అప్పు". సరిగ్గా పెట్టారు. లేదు, కానీ భయపెడుతుంది.

2012 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ఒక ముఠాని కోర్టుకి లాగి ఆపించింది. వాళ్ళు ఆరు లక్షల ఫోన్ నంబర్లకి ఇరవై ఏడు లక్షల సార్లు ఫోన్ చేశారనీ, రెండేళ్ళలోపే 50 లక్షల డాలర్లకి పైగా రాబట్టారనీ కమిషన్ చెప్పింది. ఫోన్లు ఎక్కడినుంచి? మన దేశంనుంచి.

ఫోన్ చేసింది మనవాళ్ళే

ఇది రాయడం కష్టంగానే ఉంది, కానీ రాయాలి. 2016 అక్టోబరులో ముంబై దగ్గర మీరా రోడ్‌లో పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడి చేసి వందలమంది కుర్రవాళ్ళని పట్టుకున్నారు. అదే నెలలో అమెరికా న్యాయశాఖ అహ్మదాబాదు కాల్ సెంటర్లతో సహా 61 మంది వ్యక్తులు, సంస్థల మీద కేసు పెట్టింది. పన్ను బాకీ ఉందనో, ఇమ్మిగ్రేషన్ తప్పు ఉందనో, డబ్బు కట్టకపోతే అరెస్టు చేస్తామనో దేశం నుంచి పంపేస్తామనో బెదిరించడం వాళ్ళ పని. 2018లో 21 మందికి శిక్షలు పడ్డాయి, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఏళ్ళు.

వీసా మీద ఉన్నవాళ్ళకి "దేశం నుంచి పంపేస్తాం" అన్న మాట కంటే పెద్ద బెదిరింపు ఏముంటుంది? ఎక్కడ కొడితే నొప్పో వాళ్ళకి తెలుసు. ఫోన్‌లో కనిపించే నంబరు పోలీసుదో కోర్టుదో అయినట్టు మార్చి చూపించడం కూడా తెలుసు. నంబరు చూసి నమ్మే రోజులు పోయాయి.

తర్వాత ఆ గాలి మన ఊళ్ళకీ మళ్ళింది. 2020లో కరోనా రోజుల్లో ఫోన్ యాప్‌ల్లో రెండు వేలు, మూడు వేలు అప్పు తీసుకున్నవాళ్ళ కాంటాక్టు లిస్టంతా లాగేసి, చుట్టాలకీ స్నేహితులకీ మెసేజ్‌లు పెట్టి పరువు తీశారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఆ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. గుమ్మం ముందు ధర్నా ఫోన్లోకి వచ్చేసిందన్నమాట. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమాలు తెచ్చింది. అప్పు యాప్‌లు మన కాంటాక్టులు, ఫోటోలు ముట్టుకోకూడదు.

ఆ వెంటనే "డిజిటల్ అరెస్టు" వచ్చింది. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం, వెనకాల కోర్టు బొమ్మ, దొంగ ఉత్తర్వులు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో చట్టంలో అలాంటి అరెస్టే లేదని చెప్పారు. 2025 అక్టోబరులో అంబాలాకి చెందిన ఒక వృద్ధ దంపతుల ఉత్తరం చూసి సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. వాళ్ళని మోసం చెయ్యడానికి వాడింది సుప్రీంకోర్టు పేరుతో చేసిన దొంగ ఉత్తర్వులే.

మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. పోయినేడు సంక్రాంతి అయిన వారానికి ఆవిడకి అలాంటి వీడియో కాల్ వచ్చింది. "మీ ఆధార్ మీద ముంబైలో అప్పు తీసుకున్నారు, కేసు నడుస్తోంది, గదిలోంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు" అని. ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయించి లక్షా ఎనభై వేలు పంపించుకున్నారు. నాకు చెప్పింది మూడో రోజు. మా తమ్ముడు వెంటనే 1930కి ఫోన్ చేశాడు, కానీ డబ్బులో చాలావరకు అప్పటికే చేతులు మారిపోయింది.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"నువ్వు తిడతావనే," అంది.

అప్పుడు నా సంగతి చెప్పాను. గిఫ్ట్ కార్డులు, 485 డాలర్లు, అన్నీ. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "ఆ రోజే చెప్పుంటే నాకూ తెలిసుండేది కదే."

ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఈ వ్యాసమే జవాబు అనుకోండి.

ఎలా గుర్తుపట్టాలి, ఏం చెయ్యాలి

వందల ఏళ్ళ కథంతా పిండితే దొంగ ఫోన్‌కి నాలుగు గుర్తులు కనిపిస్తాయి. తొందర: ఈ సాయంత్రమే, ఈ గంటలోనే. ఒంటరితనం: ఎవరికీ చెప్పొద్దు, లైన్ వదలొద్దు. కాగితం లేకపోవడం: పోస్టులో ఏమీ రాదు, అడిగితే కోపం. తిరిగి రాని డబ్బు: గిఫ్ట్ కార్డు, క్రిప్టో, వైర్, యూపీఐ. ఈ నాలుగులో రెండు కలిసినా ఫోన్ పెట్టేయండి. మర్యాద తక్కువవుతుందేమో అనుకోకండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి: పుట్టినతేదీ, సోషల్ నంబరు, బ్యాంకు ఖాతా సరిచూస్తానంటే చెప్పొద్దు. వాళ్ళ దగ్గర సగం ఉంటుంది, మిగతా సగం మననుంచే లాగుతారు. "మీ పేరు, కంపెనీ పేరు, అడ్రసు చెప్పండి, వివరాలు రాతలో పంపండి" అనండి, అంతే. కోర్టు కేసు అంటే ఏ కౌంటీ అని అడిగి, ఆ కోర్టు క్లర్కు నంబరు మీరే వెతికి ఫోన్ చెయ్యండి, వాళ్ళిచ్చిన నంబరుకి కాదు. మీ క్రెడిట్ రిపోర్టు మూడు సంస్థలనుంచీ ఉచితంగా తెప్పించుకుని చూడండి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కీ, మీ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకీ ఫిర్యాదు చెయ్యండి. పాత అప్పేమో అని అనుమానమున్నా "పోనీ కొంచెం కడదాం" అనకండి. చాలా రాష్ట్రాల్లో గడువు దాటిన బాకీకి కొంత కడితే గడువు మళ్ళీ మొదలవుతుంది.

ఒక హెచ్చరిక. అన్నీ దొంగవేనని నిజం కాగితాన్ని చెత్తబుట్టలో వెయ్యకండి. కోర్టు సమన్లు నిజంగా చేతికి అందితే గడువులోపు జవాబు ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే మీరు లేకుండానే తీర్పు వచ్చి జీతంలోంచి కోత పడొచ్చు. అప్పుకి జైలు లేదు గానీ, హాజరు కమ్మని జడ్జి ఇచ్చిన ఉత్తర్వుని లెక్కచెయ్యకపోతే అది వేరే చిక్కు. పిల్లల పోషణ డబ్బు సంగతి కూడా వేరు.

గల్ఫ్‌లో ఉన్న చెల్లెళ్ళకి: మీ దగ్గర బెదిరింపులో కొంత నిజం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఇంకా జాగ్రత్త. యూఏఈలో ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే క్రిమినల్ కేసు అన్న పాత పద్ధతి 2022 జనవరినుంచి చాలావరకు పోయింది. కానీ అప్పు కేసులో ప్రయాణ నిషేధం పడొచ్చు. కేసు ఉందో లేదో పోలీసు లేదా కోర్టు సొంత సేవలో మీరే చూసుకోండి, ఫోన్ చేసినవాడి మాట మీద కాదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు 159కి ఫోన్ చేస్తే చాలా బ్యాంకుల మోసాల విభాగాలకి కలుపుతారు. అక్కడ కోర్టు కాగితంలా కనిపించే దొంగ కాగితంతో బాకీ వసూలు చెయ్యడం 1970నుంచే నేరం.

ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకి: 1930 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. డబ్బు పోతే మొదటి గంటలే ముఖ్యం. ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి: పోలీసు, కోర్టు, అప్పు అన్న మాట ఎవరి నోట విన్నా ముందు ఇంట్లో ఒకరికి చెప్పాలి. చెప్పినవాళ్ళని ఎవరూ తిట్టకూడదు. రెండో సగం లేకపోతే మొదటి సగం పనిచెయ్యదు.

ఇప్పటికే కట్టేసి ఉంటే: గిఫ్ట్ కార్డు అయితే కార్డు, బిల్లు పారెయ్యకుండా ఆ కార్డు కంపెనీకి వెంటనే ఫోన్ చెయ్యండి. బ్యాంకునుంచి వెళ్తే బ్యాంకుకి. ఒక్కోసారి ఆపగలుగుతారు. ఆ తర్వాత "పోయిన డబ్బు తెప్పిస్తాం, కొంచెం ఫీజు కట్టండి" అని ఇంకో ఫోన్ వస్తుంది. అది కూడా వాళ్ళే అనుకోండి.

రామదాసు కథ మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకోండి. తానీషా అడిగిన బాకీ నిజమైనది, మొత్తం నిజమైనది, ఖైదు కూడా నిజమైనది. అయినా తీర్చినవాళ్ళు రసీదు లేకుండా కదల్లేదు. మన విషయంలో బాకీయే లేదు. కాగితం కూడా లేదు. ఇంక భయం ఎందుకుండాలి?

ఆ మెసేజ్ పెట్టి తీసేసిన అక్కా, మీరు ఇది చదువుతున్నారని అనుకుంటున్నాను. మీరు కట్టి ఉండొచ్చు, కట్టకపోయి ఉండొచ్చు. ఏదైనా సరే, ఆ మెసేజ్ మళ్ళీ పెట్టండి. గ్రూపులో వద్దనుకుంటే నాకు పెట్టండి. రాత్రి డ్యూటీలో ఉన్నా చూస్తాను.